మూడో వంతు ముట్టుకోవద్దు

డిసెంబరు నెలాఖరులో ఒక రాత్రి డెన్వర్ నుంచి మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపాడు. కింద రెండు ముక్కలు రాశాడు: "మావయ్యా, జనవరి ఆఖరి శనివారం స్నోమొబైల్ రైడ్‌కి వెళ్తున్నాం. ప్లాన్ ఒక్కసారి చూడు." చిన్నప్పుడు వేసవి సెలవులకి ఒడిశాలో మా జయపురం వచ్చినప్పుడల్లా నా బండి ట్యాంకు మీద కూర్చుని కొరాపుట్ ఘాట్ ఎక్కిన పిల్లాడు. కొండ దారి అనగానే వాడికి ఇప్పటికీ నేనే గుర్తొస్తాను.

మంచు మీద బండి నడపడం నేనెరగను. పొద్దున్నే బయలుదేరి, అడవి దారుల్లో రోజంతా తిరిగి, పొద్దు గూకేలోపు ఇంటికి చేరడం మాత్రం ఏళ్ళ తరబడి జాగ్రత్తగా చేస్తున్న పని. అంతకుముందు ఒకసారి జాగ్రత్త లేకుండా చేశాను. అందుకే ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను.

ఆరుగురు మనుషులు, నాలుగు బళ్ళు. కొలరాడోలో గ్రాండ్ లేక్ అనే ఊరి నుంచి అరాపహో నేషనల్ ఫారెస్ట్‌లోకి 160 కిలోమీటర్ల చుట్టు. గంటకి 40 చొప్పున నాలుగు గంటల ప్రయాణం, భోజనానికి ఒక గంట, ఫొటోలకి ఒక గంట. తొమ్మిదికి మొదలైతే మూడుకల్లా అయిపోతుంది. సాయంత్రం కారెక్కి డెన్వర్ తిరిగి వచ్చేస్తారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, గీతలు స్కేలు పెట్టి గీశాడు. నన్ను ఆపేసింది ఒకే ఒక్క లెక్క, 160ని 40తో భాగించడం.

2008 జనవరిలో మేమూ సరిగ్గా అదే భాగహారం చేశాం.

నలుగురం, రెండు బళ్ళు. జయపురం నుంచి దేవమాలి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1672 మీటర్లు. పోనూ రానూ 150 కిలోమీటర్ల లోపే కదా, 40తో భాగిస్తే నాలుగు గంటలు దాటదు కదా అని, ఇడ్లీ తిని టీ తాగి పదిన్నరకి బయలుదేరాం. అది శుక్రవారం. సిమిలిగుడ దాటి కుందులి చేరేసరికి సంత. అల్లం, కందులు, కోళ్ళు, మేకలు, కొండల మీంచి దిగిన వందల మంది జనం. అక్కడే గంటన్నర గడిపేశాం, అందులో తప్పు లేదు, ఆ సంత చూడాల్సిందే. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ గంటన్నరని మళ్ళీ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఎవరం అనుకోలేదు. పైకి చేరేసరికి మూడున్నర. గాలి, గడ్డి, కింద వరసగా లోయలు. కదలబుద్ధి కాలేదు.

జయపురం 82.5 డిగ్రీల రేఖాంశానికి దాదాపు మీదే ఉంది, అంటే మన దేశం గడియారం పట్టుకున్న రేఖ మీద. గడియారంలో పన్నెండైతే సూర్యుడు కూడా నడినెత్తికి దగ్గరలోనే ఉంటాడు. జనవరి మొదట్లో ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. ఇది మాలో ప్రతివాడికీ తెలుసు. తెలిసిన విషయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే ఆ రోజు మా పాపం.

దిగుతుంటే లోయలోంచి పొగమంచు లేచింది. హెడ్‌లైటు వెలుతురు ముందున్న గజం దూరంలోనే తెల్లగా గోడ కట్టినట్టు ఆగిపోయింది. చేతులకి గ్లౌజులు లేవు. పావుగంటకి నా ఎడమచేతి వేళ్ళు క్లచ్చి మీద ముడుచుకుని ఉండిపోయాయి. పట్టుకోవడం వస్తోంది, వదలడం రావట్లేదు. బండి ఆపి, కుడిచేత్తో ఒక్కో వేలూ తీసి విప్పుకున్నాను. వెనక కూర్చున్నవాడు మాట్లాడటం మానేసి చాలాసేపైందని అప్పుడు గమనించాను. రెండో బండిలో పెట్రోలు రిజర్వుకి పడింది. దేవమాలి వైపు తిరిగాక బంకు లేదు, ముందే నింపుకోవాల్సింది సంత దగ్గర మరిచిపోయాం.

దారి పక్క ఊళ్ళో ఒక ముసలమ్మ తలుపు తీసింది. మా ఒడియా ఆవిడకి సగమే అర్థమైంది, ఆవిడ దేశియా మాకు సగమే అర్థమైంది. ఏమీ అడగలేదు. పొయ్యిలోంచి కట్టెలు లాగి వాకిట్లో నెగడు వేసి, సిల్వరు గిన్నెలో వేడి చోడి అంబలి పోసింది. వాళ్ళ భాషలో మండియా పేజు. నా స్నేహితుడు గిన్నెని రెండు చేతుల మధ్య పట్టుకుని, తాగకుండా అలాగే చాలాసేపు కూర్చున్నాడు.

తెల్లవారి సిమిలిగుడ చేరితే, బస్టాండు బెంచీ మీద దుప్పటి కప్పుకుని నాన్న కూర్చుని ఉన్నారు. రాత్రంతా వచ్చే పోయే లారీవాళ్ళని ఆపి అడుగుతూనే ఉన్నారట. మేము ఎటు వెళ్ళామో ఆయనకి తెలుసు, ఏ దారిన, ఎన్నింటికి తిరిగొస్తామో ఎవరికీ చెప్పలేదు. ఆయన తిట్టలేదు. నా చేతులు పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూశారు.

నాన్న విజయనగరం రాయపూర్ రోడ్డు మీద లారీ నడిపారు. అప్పట్లో అది నలభైమూడో నంబరు జాతీయ రహదారి, మా వైపు ముక్కకి ఇప్పుడు 26 అంటున్నారు. సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కే ప్రతి ట్రిప్పుకీ ఆయనకో సూత్రం ఉండేది. ఉన్న డీజిల్లో వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మూడో వంతు ముట్టుకోకూడదు. కొండచరియ పడితే, పక్క లారీ ఆగిపోతే, చుట్టుదారి పట్టాల్సివస్తే, అప్పుడు పనికొచ్చేది ఆ మూడో వంతే. ఆ రోజు నుంచి నేను చేసే ప్రతి రైడ్ ప్లానూ ఇంటి గుమ్మం దగ్గర మొదలై వెనక్కి నడుస్తుంది. ఎన్నింటికి ఇంట్లో ఉండాలి? అయితే ఎన్నింటికి వెనక్కి తిరగాలి? అయితే అంతలో ఎంత దూరం పోగలం? ఆ దూరంలో ఏమున్నాయి? చూడాల్సిన చోటుని ముందు పెట్టుకుని, తిరుగు ప్రయాణాన్ని మిగిలిన టైములో ఇరికిస్తే అది ప్లాను కాదు, కోరిక. కాగితం మీద రాసినా కోరికే.

మేనల్లుడికి ఇది చెప్పాలంటే ముందు ఆ బండి సంగతి నాకు తెలియాలి. వారం రోజులు చదివాను, వాణ్ణి అడిగాను, వీడియోలు చూశాను. ముందు మంచు మీద జారే రెండు స్కీ పలకలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో మోటారుసైకిల్ లాంటి సీటూ హ్యాండిలూ. యాక్సిలరేటర్ మెలితిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కాలి. గేర్లు లేవు, స్కూటీలో లాగే బెల్టు. ఆ బెల్టు తెగితే అంతే, బండి కదలదు, అందుకని ఇంకోటి దగ్గర పెట్టుకుంటారు. బరువు పావు టన్ను. ట్యాంకులో దాదాపు 40 లీటర్లు పడుతుంది, లీటరుకి ఐదు కిలోమీటర్లు ఇచ్చినట్టు లెక్కేసుకోవాలి, కొత్త మంచులో అదీ రాదు.

చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. కెనడాలో క్యూబెక్ రాష్ట్రం, వాల్‌కోర్ట్ అనే చిన్న ఊరు. జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి కడుపులో అపెండిక్స్ పగిలింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళే వీలు లేక ఆ పసివాడు పోయాడు. మంచు మీద నడిచే బండి కోసం ఆయన అప్పటికే ఏళ్ళుగా తంటాలు పడుతున్నాడు, అది గ్యారేజీలో విడిభాగాలుగా పడి ఉంది. మూడేళ్ళకి, 1937లో, ఆయన పట్టా బండికి పేటెంటు వచ్చింది. మొదట్లో ఆ బళ్ళు డాక్టర్లనీ, ఉత్తరాలనీ, బడిపిల్లల్నీ మోశాయి. సరదాగా తిరిగే చిన్న స్కీ-డూ వచ్చింది 1959లో. డోలీ కట్టి రోగుల్ని కొండ దించడం కళ్ళతో చూసినవాళ్ళం మేము. ఈ కథ మాకు దూరపుది కాదు. ఇంటికి చేర్చడం కోసం పుట్టిన బండి మీద, ఇంటికి ఎప్పుడు చేరాలో లెక్క వేసుకోకుండా బయలుదేరడం నాకు నచ్చలేదు.

ఇక గ్రూమ్డ్ ట్రెయిల్ అంటే ఏమిటో తెలిశాకే నాకు ఆ ప్లానులో అసలు లోపం దొరికింది. రాత్రి పూట ఒక పెద్ద యంత్రం వెనక బరువైన బ్లేళ్ళ చట్రాన్ని ఈడ్చుకుంటూ దారి పొడవునా వెళ్తుంది. పగలు బళ్ళు తొక్కి లేపిన గతుకుల్ని కోస్తుంది, ఆ మంచుని కలియబెట్టి, నొక్కి, చదును చేస్తుంది. తర్వాత కొన్ని గంటలు దాన్ని వదిలేయాలి. మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి ఆ చలి, ఆ సమయం కావాలి. వెంటనే తొక్కితే చేసిన పనంతా పాడవుతుంది.

పార్వతీపురం దగ్గర మా తాత కళ్ళం చేసేవాడు. నేల చెక్కి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి వదిలేసేవాడు. అది ఆరకముందు మేకపిల్ల అడుగు పెట్టినా కేకలే. ఆరాక దాని మీద వడ్లు పోస్తే ఒక్క గింజా మట్టిలో కూరుకోదు. మంచు దారి కూడా అలా అలికి ఆరబెట్టిన కళ్ళమే. తేడా ఏమిటంటే దాన్ని ప్రతి రాత్రీ కొత్తగా అలకాలి, ఎందుకంటే పగలల్లా దాన్ని తొక్కుతూనే ఉంటారు.

అంటే పొద్దున్న తొమ్మిదికి నున్నగా ఉన్న దారి, శనివారం జనం తొక్కాక మధ్యాహ్నం రెండుకి గతుకులమయం. ఎండ పడ్డ చోట మెత్తబడుతుంది కూడా. వెళ్ళేటప్పుడు 40 మీద పోయిన బండి వచ్చేటప్పుడు పాతికకి దిగుతుంది, అప్పటికి చేతులూ నడుమూ అలిసిపోయి ఉంటాయి. అదే దారిలో తిరిగొచ్చినా అది వెళ్ళిన దారి కాదు. మా దగ్గరా ఇంతే. పొద్దున్న ఖాళీగా ఉండే కుందులి రోడ్డు మీద సాయంత్రం సంత నుంచి ఇళ్ళకి నడిచే జనం, మేత నుంచి తిరిగే పశువులు, పైన పొగమంచు. వెళ్ళిన వేగంతో వస్తామనుకునేవాడు ఆ దారిని సగం పూటే చూసినట్టు.

ఫోన్ చేశాను. "ఒరేయ్, మీ ఆరుగురిలో ఈ బండి ఎప్పుడూ ఎక్కనివాళ్ళు ఎవరు?"

"ముగ్గురు, మావయ్యా. మా ఆవిడ అయితే ఇక్కడ సైకిలు కూడా తొక్కలేదు."

"అయితే ప్లాన్ ఆ అమ్మాయిది. నీది కాదు."

వాడు కాసేపు మాట్లాడలేదు. గుంపు వేగం అంటే గుంపులో అందరికన్నా మెల్లగా పోయేవాళ్ళ వేగమే. మిగతావాళ్ళు ముందుకి పోయి ఆగి చూస్తే వెనకున్నవాళ్ళకి కంగారు పుడుతుంది, కంగారులో మలుపు తప్పుతుంది. గంటకి పాతికే పెట్టుకోమన్నాను. అద్దె షాపులో కాగితాలూ, హెల్మెట్లూ, సూట్లూ, బండి నేర్పడం అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. పన్నెండున్నరకి వెనక్కి తిరగాలి, ఎక్కడున్నా సరే. ఆరుగురు ఆగి కదలడం అంటే ప్రతిసారీ ఇరవై నిమిషాలు. అవి తీసేస్తే ముందుకి 55 కిలోమీటర్లు వస్తాయి, రానూ 55. ట్యాంకు ఇచ్చే 200లో మూడో వంతు ముట్టుకోకుండానే సరిపోతుంది.

"160 ఎక్కడ, 110 ఎక్కడ మావయ్యా? పైన వ్యూపాయింటు ఉంది, అక్కడిదాకా వెళ్ళకుండా ఎలా?"

చుట్టు తిరగడం మానేసి వెళ్ళిన దారినే రమ్మన్నాను. వాడికి అది ఇంకా నచ్చలేదు. మేం చాలాసేపు వాదించుకున్నాం. వాడి మాటలో న్యాయం లేకపోలేదు, చుట్టుదారి ఇచ్చే కొత్తదనం వేరు. కానీ చుట్టులో సగానికి చేరాక వెనక్కి తిరిగినా ముందుకెళ్ళినా ఒకటే దూరం. ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే దగ్గరి దారంటూ ఉండదు. వెళ్ళిన దారినే వస్తే ఎక్కడ పల్లముందో, ఎక్కడ మలుపు ముడుచుకుపోయిందో, ఏ జంక్షన్‌లో ఏ బోర్డుందో అప్పటికే తెలుసు. ఇక చూసిన చెట్లే మళ్ళీ చూడాలా అంటాడు. దేవమాలి ఎక్కేటప్పుడు వీపు వెనకున్న లోయలు దిగేటప్పుడే కదా కళ్ళ ముందుకొచ్చేది. నాకు ఆ కొండ మీద ఇష్టమైన చోట్లన్నీ దిగుదారిలోవే.

"ఇంత లెక్కేస్తే సరదా ఏముంటుంది?" అన్నాడు చివరికి. ఇది చాలామంది అనే మాట. నా అనుభవం దీనికి పూర్తిగా ఎదురు. 2008లో మూడున్నర తర్వాత మా నలుగురిలో ఎవరికీ కొండ కనపడలేదు. ఒకడు పెట్రోలు చూశాడు, ఒకడు గడియారం చూశాడు, నేను నా వేళ్ళు చూసుకున్నాను. ఆ తర్వాత చేసిన రైడ్లలో తిరిగే టైము ముందే నిర్ణయించుకున్నాం గనక, ఆ టైము వచ్చేదాకా గడియారం వైపు చూడాల్సిన పని లేదు. అక్టోబరు నవంబరుల్లో వలిసెలు పూసి కొండ వాలంతా పసుపుగా ఉంటే, ఒక్క చేను గట్టు మీదే గంట కూర్చున్న రోజులున్నాయి. తోచినంతసేపు కూర్చోవచ్చు, ఎందుకంటే ఆ గంట ఎక్కడి నుంచి వస్తోందో తెలుసు.

నేను గట్టిగా పట్టుబట్టింది మాత్రం కారు విషయంలో. గ్రాండ్ లేక్ ఊరే 2,550 మీటర్ల ఎత్తున ఉంది. మన దేవమాలి కన్నా దాదాపు తొమ్మిది వందల మీటర్లు పైన. అసలు డెన్వరే 1609, అంటే దేవమాలి నెత్తి మీద ఊరు కట్టుకున్నట్టు. ఆ రెంటి మధ్య బెర్తుడ్ పాస్ అని 3,400 మీటర్లు దాటిన ఘాట్ ఉంది. రోజంతా పలచని గాలిలో, గడ్డకట్టే చలిలో, పావు టన్ను బండిని మలుపులు తిప్పినవాడు రాత్రి మంచు రోడ్డు మీద ఆ ఘాట్ ఎక్కకూడదు. రైడ్ ఎక్కడ అయిపోతుంది? బండి తాళం షాపులో ఇచ్చినప్పుడు కాదు, మంచం మీద ఒరిగినప్పుడు. ముందు రాత్రీ ఆ రాత్రీ గ్రాండ్ లేక్‌లోనే పడుకోమన్నాను. గదుల అద్దె ఎక్కువని నసిగాడు. ఒక్క బండి తగ్గించుకోమన్నాను, ఇద్దరేసి కూర్చోవచ్చు కదా. అదే చేశారు, మూడు బళ్ళు, ఆరుగురు. ఇద్దరు కూర్చునే సీటున్న బళ్ళు అడిగి తీసుకున్నారు. కొత్తవాళ్ళు ముగ్గురూ వెనకే కూర్చున్నారు.

ట్రెయిల్ దిగొద్దని కూడా చెప్పాను, వాడికి అప్పటికే తెలుసు. పక్కనున్న మెత్తని మంచులోకి దిగితే బండి నడుం దాకా కూరుకుపోతుంది, తవ్వి పైకి లాగడానికి గంట పడుతుంది. ఏటవాలు మీదైతే మంచు చరియ విరిగి పడొచ్చు. చలికాలం ఒంట్లో కొవ్వు మీదే నెట్టుకొచ్చే మూస్, ఎల్క్ లాంటి జంతువులు బెదిరి లోతు మంచులో పరిగెడితే వాటి దగ్గరున్న కాస్త శక్తీ పోతుంది. అక్కడ అలికిన దారి మీదే ఉంటారు. ఇక్కడ దేవమాలి మీద జీపులూ బళ్ళూ రోడ్డు దిగి గడ్డి మీదకి ఎక్కడం ప్రతి సెలవు రోజూ చూస్తున్నాను. ఒక చక్రం గాడి, దాని మీద ఇంకో చక్రం, వానాకాలానికి అది కాలువ. ఆ గడ్డిని రాత్రికి రాత్రి చదును చేసే యంత్రమేదీ లేదు. దయచేసి రోడ్డు మీద ఆపి నడిచి ఎక్కండి. పదిహేను నిమిషాలు ప్లానులో వేసుకుంటే చాలు.

మిగతావి త్వరగా తేలిపోయాయి. నూలు బనీను వద్దు, చెమట పట్టి చల్లబడుతుంది. రెండో జత గ్లౌజులు. ఫోను లోపలి జేబులో, చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది. దారి మ్యాపు కాగితం మీద. డెన్వర్‌లో ఉన్న ఒక స్నేహితుడి దగ్గర ప్లాను కాపీ: సాయంత్రం ఐదుకి కబురు రాకపోతే అద్దె షాపుకి ఫోను, వాళ్ళకీ తెలియకపోతే షెరీఫ్ ఆఫీసుకి. అక్కడ జనవరి చివర్లో ఐదుంబావుకి పొద్దు గూకుతుంది. బస్టాండు బెంచీ మీద ఎవరూ తెల్లార్లూ కూర్చోకూడదు.

డెన్వర్‌కీ మాకూ చలికాలంలో పన్నెండున్నర గంటల తేడా. ఆదివారం తెల్లవారుజామున నాలుగుకి లేచి టీ పెట్టుకున్నాను. నాలుగూ ఇరవైకి ఫోను మోగింది. మొదట వచ్చింది మనుషుల ఫొటో కాదు, పెట్రోలు గేజ్ ఫొటో. ముల్లు మూడో వంతుకి కాస్త పైన ఉంది. తర్వాత షాపు ముందు వరసగా నిలబెట్టిన మూడు బళ్ళు. పన్నెండున్నరకి ఒక జంక్షన్‌లో వెనక్కి తిరిగారట. వ్యూపాయింటు ఇంకా మూడు మైళ్ళని బోర్డు మీద ఉంది. "ఆ మూడు మైళ్ళు మళ్ళీసారి, మావయ్యా" అని రాశాడు.

వరండాలో నాన్న అప్పటికే మేలుకుని ఉన్నారు. ఫోను ఇస్తే గేజ్ ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, "ఆ అమ్మాయికి చేతులు కొంకర్లు పోలేదు కదా, అడుగు" అన్నారు.